గొడవంతా నూగులోనే

టెన్నిస్ బంతుల గొడవ మళ్ళీ లేచింది. వారానికో టోర్నీ, టోర్నీకో బంతి, మా మోచేతులు పోతున్నాయని ఆటగాళ్ళు అంటున్నారు. పరీక్ష పాసైన బంతులే వాడుతున్నామన్నది నిర్వాహకుల మాట. అనంతపురానికి ఇది పరాయి గొడవేమీ కాదు. స్పెయిన్ ఆటగాడు రఫేల్ నాదల్ పేరిట ఉన్న ఫౌండేషన్, ఇక్కడి స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ కలిసి 2010లో ఇక్కడ పిల్లలకు టెన్నిస్ బడి తెరిచాయి. నాదల్ స్వయంగా వచ్చి చూసి వెళ్ళాడు. ఆ నాదలే 2020లో ఈ విషయం మీద గట్టిగా గొంతెత్తాడు.

ఆ ఏడాది ఫ్రెంచ్ ఓపెన్‌లో బాబోలా కంపెనీ బంతి పోయి విల్సన్ కంపెనీ బంతి వచ్చింది. పైగా కరోనా వల్ల టోర్నీ చలిరోజులకు వాయిదా పడింది. మన మే నెల ఎండకు లోపలి గాలి వేడెక్కి ఎగిరిపడే బంతే, చలిలో లేవనంటుంది. బంతి మరీ బరువుగా ఉంది, మోచేతికీ భుజానికీ ప్రమాదమని నాదల్ అన్నాడు. ఓడినవాడి సాకు అనడానికి లేదు, ఆ టైటిల్ గెలిచింది అతనే. 2022లో పోలండ్ ఆటగత్తె స్వియాటెక్ ఫిర్యాదు దీనికి తలకిందులు. యూఎస్ ఓపెన్‌లో ఆడవాళ్ళకిచ్చే బంతి తేలికగా ఉంది, అదుపులో ఉండటం లేదంది. ఆమే గెలిచింది. మరుసటి ఏడాది నుంచి ఆడవాళ్ళకూ మగవాళ్ళ బంతే ఇచ్చారు.

ఆ రెండు బంతులకూ తేడా పైన చుట్టిన బట్టలోనే. బంతి తయారీ చూస్తే ఇది అర్థమవుతుంది. రబ్బరును అచ్చుల్లో పెట్టి నొక్కి రెండు చిప్పలు చేస్తారు. లోపల గాలి ఒత్తిడి ఉండేలా వాటిని అతికిస్తారు. డంబెల్ ఆకారంలో కోసిన రెండు ఫెల్ట్ (నూగు బట్ట) ముక్కల అంచులకు జిగురు పూసి చుడతారు. బంతి మీద కనిపించే తెల్లగీత ఆ జిగురే. చివర్లో ఆవిరి పడితే నూగు లేస్తుంది. ఉన్ని, నైలాన్ కలిపిన ఈ నూగు ఆడేకొద్దీ ఉబ్బుతుంది, గాలిని పట్టుకుంటుంది, బంతి నెమ్మదిస్తుంది. అందుకే మ్యాచ్‌లో మొదట 7 గేమ్‌లకు, తర్వాత 9 గేమ్‌లకోసారి బంతులు మారుస్తారు. (మన దగ్గర ఆ పాత బంతి గల్లీ క్రికెట్‌లో ఇంకో రెండు నెలలు బతుకుతుంది.)

1972లో తెల్లబంతి పసుపుపచ్చగా మారిన కథ అందరూ రాసేదే. టీవీలో బాగా కనిపించడానికి మార్చారు, అంతే. నా లెక్కలో అసలు మలుపు 2002. 1994 వింబుల్డన్ ఫైనల్లో సంప్రాస్, ఇవానిసెవిచ్ సర్వీసులు తప్ప ఆట లేదని జనం విసుక్కున్నారు. అప్పటి నుంచి ఆట వేగం తగ్గించాలన్న ఆలోచన బలపడింది. 2002లో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య రూల్స్‌లోకి మూడు రకాల బంతులు వచ్చాయి. అందులో ఒకటి మామూలు బంతి కంటే దాదాపు 6 శాతం పెద్దది. పెద్ద టోర్నీలు దాన్ని ముట్టుకోలేదు. కానీ కోర్టును తవ్వక్కర్లేదు, బంతి మారిస్తే ఆట మారుతుందన్న సంగతి రూల్ పుస్తకంలోకి ఎక్కింది.

మామూలు బంతికీ ఆ పుస్తకం ఇచ్చే వెసులుబాటు తక్కువేం కాదు. బరువు 56 నుంచి 59.4 గ్రాముల దాకా ఉండొచ్చు. 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే 135 నుంచి 147 దాకా ఎగరొచ్చు. 56 గ్రాముల బంతితో ఈ సోమవారం, 59.4 గ్రాముల బంతితో పై సోమవారం ఆడినా రెండూ పాసే. నిర్వాహకుల జవాబు తప్పు కాదు. చేతికి మాత్రం అది జవాబు కాదు.

2023లో ఫిర్యాదులు ముదిరాక మగవాళ్ళ టోర్నీలు నడిపే ఏటీపీ, ఆడవాళ్ళవి నడిపే డబ్ల్యూటీఏ తమ టోర్నీల బంతులను సమీక్షిస్తామన్నాయి. గ్రాండ్‌స్లామ్‌లు, అంటే నాలుగు అతిపెద్ద టోర్నీలు, వాళ్ళ చేతిలో లేవు. మెల్‌బోర్న్‌లో డన్‌లప్, పారిస్‌లో విల్సన్, వింబుల్డన్‌లో 1902 నుంచీ స్లాజెంజర్.