హైస్కూలు పిల్లలకు కథ గుట్టు చెప్పడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

ప్రకాశం జిల్లాలో సముద్రం వైపు ఉన్న ఒక జెడ్పీ హైస్కూల్లో 6, 7, 8 తరగతులకు తెలుగు చెబుతున్నాను. మా పిల్లల్లో సగం మంది పట్టపుపాలేల (సముద్రం ఒడ్డున జాలర్ల పల్లెల) నుంచి, మిగతా సగం పొగాకు, మిరప వేసే ఊళ్ల నుంచి వస్తారు. కథ పాఠం మొదలైందంటే చాలు, స్టాఫ్ రూములోనూ, చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లోనూ కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి. తల్లిదండ్రులు కూడా అవే అంటుంటారు. వాటిలో చాలావరకు పిల్లల్ని కథకు దూరం చేసేవే. అందుకే వాటి గురించి రాయాలనిపించింది.

అపోహ: ముందు నిర్వచనాలు చెప్పాలి, తర్వాతే కథ

పాత్రలు, నేపథ్యం, సంఘర్షణ, కథాక్రమం, కథావస్తువు అని బోర్డు మీద రాసి, ఒక్కోదాని కింద రెండేసి వాక్యాలు నోట్సులో ఎక్కించడం అలవాటుగా జరిగిపోతుంది. పిల్లలు బట్టీ పడతారు, ఎఫ్.ఏ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) పేపర్లో మార్కులూ పడతాయి. కానీ చదవని కథ ఒకటి చేతికిచ్చి ఇందులో సంఘర్షణ ఏదని అడగండి, బిక్కమొహం వేస్తారు.

వాస్తవం ఏమిటంటే, ఈ అంశాలన్నీ పిల్లల నోట్లో ఎప్పుడూ ఆడుతుండేవే. ఇంటర్వెల్‌లో ఒకడు నిన్న చూసిన సంగతి చెబుతుంటే మిగతావాళ్లు "అప్పుడు మీ నాయనేమన్నాడ్రా?" అని అడుగుతారు. వాళ్లు అడుగుతున్నది పాత్ర గురించే. "ఆ రాత్రిపూట ఒక్కడివే ఎట్టా పోయావు?" అన్నారంటే నేపథ్యం గురించి అడిగినట్టు. వాళ్లకు తెలియనివి పేర్లు మాత్రమే. కాబట్టి ముందు కథ, తర్వాత ప్రశ్న, ఆఖరున పేరు. ఈ వరసలో చెబితే నిర్వచనం అడిగినా సొంత మాటల్లో రాస్తారు.

నేను వాడే ప్రశ్నలు ఇవి: ఎవరికి ఏం కావాలి? ఎందుకు దొరకట్లేదు? దానికోసం వాళ్లు ఏం చేశారు? చేశాక ఏం మారింది? ఇది ఇక్కడే, ఇప్పుడే ఎందుకు జరగాల్సి వచ్చింది? ఆరో తరగతికి మొదటి రెండూ చాలు. ఎనిమిదికి వచ్చేసరికి ఐదూ అడగొచ్చు.

అపోహ: సంఘర్షణ అంటే ఇద్దరు కొట్టుకోవడం

అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది ఇదే. కథ రాయమంటే మగపిల్లల నోటుబుక్కుల్లో కత్తులు లేస్తాయి, ఆడపిల్లల నోటుబుక్కుల్లో సవతి తల్లి వస్తుంది. విలన్ లేకపోతే కథ లేదనుకుంటారు. ఆ మాట మనం చెప్పింది కాకపోవచ్చు గానీ, దాన్ని మనం విప్పి చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

ఒక కోరిక ఉండాలి, దానికి ఒక అడ్డు ఉండాలి. అది చాలు. ఆ అడ్డు మనిషే కానక్కర్లేదు. మా పాలెం పిల్లలకు బాగా తెలిసిన విషయంతో ఇది చెబుతాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నియమం అది. పడవలు ఒడ్డున ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. సరిగ్గా ఆ రోజులు దాటుతుండగానే బళ్లు తెరుస్తారు. ఒక అమ్మాయికి కొత్త సైకిలు కావాలి. అడగాల్సిన నాన్న చేతిలో డబ్బు లేదు. ఇప్పుడు ఈ కథలో చెడ్డవాళ్లు ఎవరు?

క్లాసులో ఇదే అడిగితే మొదట ప్రభుత్వం అంటారు. "మరి గుడ్ల మీదున్న చేపను పట్టేస్తే వచ్చే ఏడాది మీ నాన్నకు ఏం దొరుకుద్ది?" అని అడిగితే కాసేపు ఆలోచిస్తారు. నాన్న మంచివాడే, నియమమూ మంచిదే, అమ్మాయి కోరికా న్యాయమైనదే. అయినా కథ ఉంది. పైగా కత్తులున్న కథ కంటే గట్టిగా ఉంది. ఇది ఒక్కసారి పట్టుబడితే పిల్లలు రాసే కథలు మారిపోతాయి. ఒకరు వానతో తలపడే కథ రాస్తారు, ఒకరు పరీక్ష ముందు రాత్రి కరెంటు పోయిన కథ రాస్తారు, ఇంకొకరు తన భయంతోనే తాను పెనుగులాడే కథ రాస్తారు.

భయం దగ్గర ఒక మాట. మనసులో జరిగే సంఘర్షణ 12 ఏళ్ల పిల్లలకు అర్థం కాదని కొందరు అంటారు. అబద్ధం చెప్పి రాత్రంతా నిద్రపట్టని అనుభవం ఆ వయసు పిల్లలకు మనకంటే తాజాగా ఉంటుంది.

అపోహ: పాత్ర గురించి చెప్పడమంటే గుణాలు వరసగా రాయడం

"రాము మంచివాడు, తెలివైనవాడు, పెద్దలంటే గౌరవం కలవాడు." గైడుల్లో ఉండే ఈ వాక్యాలు ఏ పాత్రకైనా అతుకుతాయి. అన్ని పాత్రలకూ అతికాయంటే ఏ పాత్రనూ పట్టుకోలేదన్నమాట.

పాత్ర తెలిసేది తన మాటలోనూ చేతలోనూ, ఆ రెంటికీ మధ్య ఉన్న తేడాలోనూ. దీనికి మన నెల్లూరు తిక్కనగారి విరాటపర్వం కంటే మంచి పాఠం నాకు దొరకలేదు. ఉత్తరకుమార ప్రగల్భాలు అనే మాట పిల్లలు ఇంట్లో వినే ఉంటారు. కథగా చెబితే చెవులు రిక్కిస్తారు. కౌరవులు ఆవుల్ని తోలుకుపోయారని కబురొస్తుంది. ఉత్తరుడు అంతఃపురంలో ఆడవాళ్ల మధ్య కూర్చుని, రథం తోలేవాడు ఉంటే చాలు, నేనొక్కణ్నే అందర్నీ గెలిచేస్తానంటాడు. బృహన్నల సారథిగా వస్తుంది. యుద్ధభూమికి వెళ్లి సైన్యాన్ని చూడగానే రథం దూకి పారిపోతాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటపడి పట్టుకొస్తాడు.

ఇక్కడ ఆపి, "ఉత్తరుడు పిరికివాడని ఎవరైనా మీకు చెప్పారా?" అని అడుగుతాను. ఎవరూ చెప్పలేదు, వాళ్లే కనిపెట్టారు. పాత్రచిత్రణ అంటే అదేనని అప్పుడు చెబుతాను.

కానీ చాలామంది టీచర్లు ఇక్కడితో ఆపేస్తారు. అసలు పాఠం ఇంకా ముందుంది. అర్జునుడు గెలిచి, ఆ గెలుపు నీదేనని చెప్పుకోమంటాడు. తండ్రి విరాటుడు కొడుకును చూసి పొంగిపోతుంటాడు. అప్పుడు ఉత్తరుడు ఆ గెలుపు తనది కాదని, ఎవరో దేవకుమారుడు వచ్చి గెలిచాడని అంటాడు. చేయని యుద్ధాన్ని గెలుస్తానన్నవాడు, కాళ్ల దగ్గరికొచ్చిన పేరును వద్దన్నాడు. మధ్యలో ఏం జరిగి ఇలా మారాడో రాయమంటే ఎనిమిదో తరగతి పిల్లలు రాసే జవాబులు చదవడానికి ఎంతో బావుంటాయి. గుణాల జాబితాలో ఈ మార్పుకు చోటే లేదు.

అపోహ: నేపథ్యం అంటే "అనగనగా ఒక ఊరిలో"

స్థలం, కాలం ఒక వాక్యంలో చెప్పేసి ముందుకెళ్లిపోవడం. చాలా పాఠ్యప్రణాళికల్లో కూడా దీనికి ఐదు నిమిషాలే ఇస్తారు. నా దృష్టిలో మన జిల్లా పిల్లలకు అన్నిటికంటే తేలిగ్గా, లోతుగా నేర్పగలిగేది ఇదే.

ఒక ఏడో తరగతి పిల్లవాడు నోటుబుక్కులో రాసిన కథ ఇలా మొదలైంది: "ఒక ఊరిలో ఒక రైతు ఉన్నాడు. అతనికి ఒక కొడుకు ఉన్నాడు. ఒకరోజు తండ్రికి జ్వరం వచ్చింది. కొడుకు పని చేశాడు." చదివి, "ఏం పని చేశాడ్రా?" అన్నాను. "బ్యారన్ కాడ కాపలా టీచర్" అన్నాడు. బ్యారన్ అంటే పొగాకు ఆకును వేడితో ఎండబెట్టే గది. ఎట్టా ఉంటుందో చెప్పమన్నాను. ఇక వాణ్ని ఆపలేకపోయాం.

సంక్రాంతి దాటాక పొగాకు ఆకును కర్రలకు కట్టి బ్యారన్‌లో వేలాడదీస్తారు. ఐదారు రోజులు రాత్రింబవళ్లు మంట పెట్టాలి. వేడి మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఒక్కసారిగా ఎక్కువైతే ఆకు రంగు చెడిపోతుంది, వేలంలో రేటు పడిపోతుంది. ఆఖరి రోజుల్లో ఆకు గలగలలాడేంత ఎండిపోయి ఉంటుంది, ఒక్క ఆకు రాలి కింద కాలుతున్న గొట్టం మీద పడినా అంటుకుంటుంది. ఇదంతా వాడికి నోటికొచ్చు. కిటికీ అద్దంలోంచి టార్చిలైటు వేసి థర్మామీటరు చూడాలని, నిద్ర రాకుండా మొహాన నీళ్లు కొట్టుకున్నానని, లోపల ఆకు రాలిన చప్పుడైతే గుండె జారిందని చెప్పాడు.

క్లాసును అడిగాను: "తండ్రికి జ్వరం మొదటి రోజు వచ్చుంటే?" ఒకమ్మాయి, "అప్పుడు ఆకు పచ్చిగా ఉంటది గదా టీచర్, అంత భయం ఉండదు" అంది. ఆ పాప చెప్పింది నేపథ్యం పాఠం మొత్తం. అదే తండ్రి, అదే కొడుకు, అదే జ్వరం. రోజు మారితే కథ బలం మారిపోయింది. ఊరు, కాలం అనేవి పాత్రల వెనకాల వేలాడే తెర కావు, వాళ్ల మీద పనిచేసే బలాలు. ఇసుకలో నడిచేవాడికీ తారురోడ్డు మీద నడిచేవాడికీ ఒకే వేగం రాదు. ఆ పిల్లవాడు రెండోసారి రాసినప్పుడు మొదటి వాక్యం, "ఇంకొక్క రాత్రి గడిస్తే ఆకు చేతికొస్తుంది." దానికి నేను ఒక్క అక్షరం కలపలేదు.

చీమకుర్తి వైపు పనిచేసే టీచర్లు గ్రానైట్ క్వారీలతో, నెల్లూరు వైపు వాళ్లు రొయ్యల చెరువులతో ఇదే చేయొచ్చు. రాత్రిపూట కరెంటు పోయి చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే ఎంత హడావుడి పడతారో ఆ పిల్లల్నే అడగండి.

అపోహ: కొండ బొమ్మ గీస్తే కథానిర్మాణం వచ్చేసినట్టే

ఆరంభం కింద, శిఖరం పైన, ముగింపు అవతల కింద. ఈ బొమ్మ వర్క్‌బుక్కుల్లో తరచూ కనిపిస్తుంది. ఇది 1863లో గుస్తావ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత నాటకాల గురించి రాసిన పుస్తకంలోది. ఆయన దృష్టి గ్రీకు నాటకాల మీదా షేక్స్‌పియర్ నాటకాల మీదా ఉంది. ఐదంకాల నాటకానికి గీసిన బొమ్మలో ప్రతి కథనూ ఇరికించాలని చూస్తే కుదరదు. మన పంచతంత్రంలో ఒక కథలోంచి ఇంకో కథ పుట్టుకొస్తుంది, అందులోంచి మరొకటి. దానికి ఏ కొండ సరిపోతుంది?

బొమ్మ పనికిరాదని అనను. సంఘటనల మధ్య ముడి అర్థమయ్యాక గీస్తే పనికొస్తుంది. ఆ ముడి కోసం నేను వాడే ఉపాయం చాలా చిన్నది. పిల్లలు కథ చెప్పేటప్పుడు "అప్పుడేమో... అప్పుడేమో..." అంటూ పోతారు. ఆ "అప్పుడేమో" తీసేసి, దాని చోట "అందుకని" గానీ "కానీ" గానీ పెట్టి చెప్పమంటాను. నాన్నకు జ్వరం వచ్చింది, అందుకని కొడుకు వెళ్లాడు, కానీ నిద్ర ముంచుకొచ్చింది, అందుకని మొహం కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాడు, కానీ అదే సమయానికి... ఈ రెండు మాటలూ ఎక్కడా పట్టకపోతే ఆ సంఘటన కథకు అక్కర్లేదని వాళ్లకే తెలిసిపోతుంది.

అపోహ: నీతి లేనిది కథ కాదు

ఇది మనకు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు. చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక అచ్చువేసిన దగ్గర్నుంచి తరాల తరబడి పిల్లలు మిత్రలాభం, మిత్రభేదం చదువుకుంటూ పెరిగారు. అవి గొప్ప కథలు, వాటికి నీతి అందంగా అమరుతుంది. అన్ని కథలకూ అమరదు.

వేట నిషేధం కథకు నీతి రాయమంటే "ప్రభుత్వ నియమాలు పాటించవలెను" అని రాస్తారు. అది రాయగానే ఆ నాన్న, ఆ అమ్మాయి ఇద్దరూ మాయమైపోతారు. ఈ కథ దేని గురించి అని అడిగితే మాత్రం "అడగాలనుండి కూడా అడగలేకపోవడం గురించి" అని ఒక పిల్ల చెప్పింది. కథావస్తువు అంటే అది. నీతి మనల్ని ఏదో చెయ్యమంటుంది, కథావస్తువు ఆలోచించమంటుంది. రెండూ ఉండొచ్చు, ఒకటిగా కలిపేయకూడదు.

అపోహ: ఊరి మాట రాస్తే తెలుగు చెడిపోతుంది

"ఏంది, అట్టా, యాడికి" అని పిల్లలు రాస్తే ఎర్రసిరాతో కొట్టేస్తాం. కథకుడు చెప్పే వాక్యాల్లో అందరికీ అర్థమయ్యే తెలుగు ఉండాలి, అది నేర్పాల్సిందే. కానీ మాట్లాడుతున్నది బ్యారన్ దగ్గరి రైతు అయినప్పుడు, "ఎచటికి వెళ్లుచున్నావు నాయనా" అంటే ఆ మనిషి అక్కడ లేడు. కొటేషన్ గుర్తుల లోపల ఊరి మాట, బయట పుస్తకం మాట అని ఒక గీత గీసి చెబితే ఆరో తరగతి పిల్లలు కూడా పాటిస్తారు. కొటేషన్ గుర్తులు సరిగ్గా పెట్టడం కూడా దీంతోనే అలవాటవుతుంది.

అపోహ: కథకు మార్కులు కొలిచి వేయలేం

వేయొచ్చు, అడిగే ప్రశ్న మారితే. "ఈ కథలోని పాత్రల పేర్లు రాయండి" అంటే జ్ఞాపకశక్తికి మార్కులు వేసినట్టు. "ఈ కథలోంచి ఏ పాత్రను తీసేసినా కథ ఆగదో చెప్పి, ఎందుకో రాయండి" అంటే కథ అర్థమైందో లేదో తేలిపోతుంది. "ఇదే కథ వర్షాకాలంలో జరిగితే ఏం మారుతుంది?" అన్నా అంతే. ఇలాంటి ప్రశ్నలకు గైడులో జవాబు దొరకదు.

పిల్లలు సొంతంగా రాసిన కథ దిద్దేటప్పుడు మొదటి ప్రతిలో అక్షరదోషాలు ముట్టుకోను. కోరిక ఎక్కడ తెలిసిందో అక్కడ ఒక గీత, అడ్డు ఎక్కడ వచ్చిందో అక్కడ ఇంకో గీత పెడతాను. రెండు గీతల్లో ఏది లేకపోయినా పక్కన ప్రశ్న రాస్తాను: "వీడికేం కావాలి?" వత్తులు, పొల్లులు, దీర్ఘాలు రెండో ప్రతిలో చూస్తాను. అప్పటికి అది తన కథ అయిపోయి ఉంటుంది కాబట్టి, తప్పులు దిద్దుకోమంటే వాళ్లే కూర్చుని దిద్దుకుంటారు.