నెలసరి ఆగితే తప్పు గర్భసంచిదేనా?

"గర్భసంచి చిన్నదైపోయిందేమో చూడండమ్మా" అంటూ ఆ మధ్య చిత్తూరు దగ్గరి పల్లె నుంచి ఓ తల్లి కూతుర్ని తిరుపతిలో నా క్లినిక్‌కి తీసుకొచ్చింది. 22 ఏళ్ల పిల్ల. ఐదు నెలలుగా పీరియడ్స్ లేవు. గర్భం కాదు. స్కాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) అన్నీ బాగున్నాయి. బీపీ చూద్దామని చెయ్యి ఎత్తమంటే గాజులు మోచేతి దాకా జారిపోయాయి. కానిస్టేబుల్ సెలక్షన్స్ కోసం తెల్లారకముందే పరుగు. రాత్రి భోజనం మానేసింది. ఏడు కిలోలు తగ్గింది.

అపోహ: పీరియడ్స్ ఆగాయంటే గర్భసంచిలోనో అండాశయాల్లోనో లోపం ఉన్నట్టే.

వాస్తవం: నెలసరికి తాళంచెవి మెదడులో ఉంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగంలోని కొన్ని కణాలు కిస్‌పెప్టిన్ అనే పెప్టైడ్‌ను, అంటే చిన్న ప్రొటీన్ ముక్కలాంటి సంకేతాన్ని వదులుతాయి. అది పక్క కణాలను తట్టి జీఎన్‌ఆర్‌హెచ్ హార్మోన్‌ను విడతలు విడతలుగా విడుదల చేయిస్తుంది. నెలసరి చక్రం మొదటి సగంలో ఇది సుమారు గంటకో గంటన్నరకో ఒకసారి జరుగుతుంది. అప్పుడే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లను అండాశయాలకు పంపుతుంది, అండం ఎదుగుతుంది. ఒంట్లో కొవ్వు కరిగితే, ఆ కొవ్వు నుంచే వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ పడిపోతుంది. బిడ్డను మోసే శక్తి ఈ ఒంటికి లేదని మెదడు గ్రహించి కిస్‌పెప్టిన్‌ను తగ్గించేస్తుంది. గర్భసంచి నిక్షేపంగా ఉన్నా నెలసరి రాదు.

అపోహ: ఈ కిస్‌పెప్టిన్ ఆడవాళ్లకు మాత్రమే సంబంధించిన సంగతి.

వాస్తవం: మగవాళ్లలో టెస్టోస్టెరాన్, వీర్యకణాలు కూడా ఈ దారినే నడుస్తాయి. కిస్‌పెప్టిన్‌ను అందుకునే రిసెప్టర్ జన్యువు దెబ్బతింటే యుక్తవయసే రాదని 2003లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా చూపించాయి.

అపోహ: కిస్‌పెప్టిన్ ఇంజెక్షన్ తెప్పించుకుంటే పిల్లలు పుడతారు.

వాస్తవం: ఐవీఎఫ్‌లో (అండాన్ని శరీరం బయట ఫలదీకరించే వైద్యం) అండాలు పక్వం కావడానికి దీన్ని లండన్‌లో పరీక్షించారు, ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. కానీ ఇది ఇంకా మామూలు వైద్యంలోకి రాలేదు. పైగా ఆగకుండా ఎక్కిస్తే శరీరం దానికి స్పందించడం తగ్గిపోవచ్చు. నెట్‌లో అమ్మే సీసాల జోలికి దయచేసి వెళ్లకండి.

అపోహ: మాత్రలతో పీరియడ్స్ వచ్చాయి కాబట్టి నయమైపోయింది.

వాస్తవం: నన్ను బాగా బాధపెట్టేది ఇదే. ఈ పిల్ల కూడా అంతకుముందు రెండు నెలలు హార్మోన్ మాత్రలు మింగింది. మాత్ర ఆపగానే వచ్చే రక్తస్రావం మాత్ర వల్ల వచ్చేదే, మెదడు మళ్లీ పని మొదలుపెట్టిందని కాదు. ఈలోపు ఈస్ట్రోజెన్ లేక ఎముకలు గుల్లబారుతుంటాయి. అందుకే చీటీలో మాత్ర రాయలేదు. పరుగు సగానికి తగ్గించమని, రాత్రికి సంకటి, పప్పు, గుడ్డు తినమని రాశాను. "మందేమీ లేదా?" అని తల్లి రెండుసార్లు అడిగింది. నాలుగో నెలలో ఆ పిల్లే ఫోన్ చేసింది: "మేడమ్, వచ్చింది."