డఫీ: ఒక్క అక్షరం మారితే మలేరియాని ఆపే రక్తం గ్రూపు

ఓ పాజిటివ్ వాళ్ళకి మలేరియా రాదంట కదా అని ఒకాయన అడిగారు. వస్తుందండీ, అందరికీ వచ్చినట్టే వస్తుంది. ఫాల్సిపారమ్ రకం వస్తే ఓ గ్రూపు వాళ్ళకి ప్రాణం మీదకి వచ్చే అవకాశం కొంచెం తక్కువ, అంతవరకే నిజం. కానీ వేరే రకం మలేరియా, అంటే వైవాక్స్, అది ఎర్రకణంలోకి రాగలదా లేదా అన్నది తేల్చే గ్రూపు ఇంకొకటుంది, దాని పేరు డఫీ, నాకు అన్ని గ్రూపుల్లోకీ ఇదంటేనే ఇష్టం.

1950లో హీమోఫీలియా ఉన్న ఒక పేషెంటు రక్తంలో దీనికి యాంటీబాడీ దొరికింది, ఆయన ఇంటిపేరే దీనికి పెట్టేశారు. ఎర్రకణం పొరని ఏడుసార్లు అటూ ఇటూ దాటే ప్రొటీన్ ఇది, దీని జన్యువు ఏసీకేఆర్1, ఉండేది 1వ క్రోమోజోమ్ మీద. అక్కడుందని తేల్చింది రోజర్ డోనహ్యూ అనే స్టూడెంటు, 1968లో. తన సొంత క్రోమోజోమ్‌లోనే ఒక వింత భాగం కనిపిస్తే, ఇంట్లోవాళ్ళ రక్తాలు టెస్ట్ చేసి, ఆ వింత క్రోమోజోమూ డఫీ గ్రూపూ కలిసే వస్తున్నాయని చూశాడు. సెక్స్ క్రోమోజోములు కాకుండా మిగతావాటిలో మనిషి జన్యువు ఒకటి ఎక్కడుందో తెలియడం అదే మొదటిసారి!

వైవాక్స్ క్రిమి ఎర్రకణంలోకి దూరాలంటే ఈ డఫీని పట్టుకోవాలి. పశ్చిమ ఆఫ్రికాలో దాదాపు ఎవరి ఎర్రకణాల మీదా ఇది ఉండదు. 1976లో లూయిస్ మిల్లర్ అనే పరిశోధకుడి బృందం చూస్తే, వైవాక్స్ ఉన్న దోమలు కుట్టిన వాలంటీర్లలో డఫీ ఉన్నవాళ్ళకి మలేరియా వచ్చింది, లేనివాళ్ళలో ఒక్కరికీ రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మ్యుటేషన్ అంటే ప్రొటీన్ చెడిపోవడం అని క్లాసులో చెప్పి వదిలేస్తారు, ఇక్కడ ప్రొటీన్‌కి ఏమీ కాలేదు, దాన్ని తయారుచేసే కోడ్ అక్షరం పొల్లుపోకుండా ఉంది. పోయింది స్విచ్చు. ఒకే లైటుకి చాలా స్విచ్చులున్నాయనుకోండి, ఎముక మజ్జలో ఎర్రకణం తయారయ్యేటప్పుడు ఒక స్విచ్చు, చిన్న సిరల గోడల్లో వేరే స్విచ్చు. మజ్జలో స్విచ్చు నొక్కే వేలు గాటా1 అనే ప్రొటీన్, అది డీఎన్ఏలో జీ-ఏ-టీ-ఏ అన్న నాలుగక్షరాలని గుర్తుపట్టి కూర్చుంటుంది. డఫీ లేని ఆఫ్రికా వాళ్ళలో జన్యువుకి ముందుండే భాగంలో ఈ నాలుగూ జీ-జీ-టీ-ఏ అయిపోయాయి, మారింది ఒకే అక్షరం, కానీ వేలికి స్విచ్చు దొరకదు, ఎర్రకణంలో లైటు వెలగదు. సిరల్లో నొక్కే వేలు వేరు, స్విచ్చు వేరు, కాబట్టి అక్కడ డఫీ మామూలుగానే తయారై కెమోకైన్లని (తెల్లకణాలని పిలిచే సంకేతాలని) పట్టుకునే తన పని చేసుకుంటూ ఉంటుంది. అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు స్విచ్చులూ పోయినవే వస్తే ఎర్రకణం మీద డఫీ అసలుండదు, ఒకటే పోతే సగం ఉంటుంది. ఇది 1995లో తేలింది, నేను ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాని విషయం.

మన దేశంలో దాదాపు అందరికీ డఫీ ఉంది, అందుకే వైవాక్స్ మనల్ని వదలదు, పైగా లివర్‌లో దాక్కుని నెలల తర్వాత తిరగబెడుతుంది, అలా దాక్కున్నవాటిని చంపడానికే 14 రోజుల ప్రైమాక్విన్ మాత్రల కోర్సు, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకండి. అలాగని డఫీ లేకపోతే పూర్తి రక్షణ అనుకోకూడదు, మడగాస్కర్‌లో డఫీ లేనివాళ్ళకీ వైవాక్స్ వచ్చినట్టు 2010లో రిపోర్టు అయింది.

ఇంకోటి, ఎర్రకణాల మీద డఫీ లేనివాళ్ళకి రక్తంలో న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే ఒక రకం తెల్లకణాలు) సహజంగానే తక్కువుంటాయి, అది జబ్బు కాదు. కానీ ఆ రిపోర్టు చూసి కీమో డోసు తగ్గించడం, కొత్త మందుల ట్రయల్స్‌లోకి తీసుకోకపోవడం జరుగుతుంది, అందుకే ఆఫ్రికా మూలాలున్న పేషెంటుకి కౌంట్ తక్కువొస్తే ముందు డఫీ టెస్ట్ చేసి చూడమని ఇప్పుడు హెమటాలజిస్టులు గట్టిగా అడుగుతున్నారు.