పాడైన రోడ్డు పక్కనుండగా బాగున్న రోడ్డుకి పనెందుకు? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఏటా రోడ్డు పనుల జాబితా బయటికొచ్చిన రోజు నా ఫోన్ ఆగదు. అందరిదీ దాదాపు ఒకటే మాట: "మా వీధిలో బండి నడిపితే నడుం విరుగుతోంది. పక్క వీధిలో నున్నగా ఉన్న రోడ్డు మీద ఏదో పూస్తున్నారు. ఆ డబ్బు ఇక్కడ పెట్టొచ్చు కదా?" అడగడంలో తప్పేం లేదు. రోడ్ల పనులు చూసే ఈ ఉద్యోగంలోకి రాకముందు నాకూ అదే అనిపించేది.

అపోహ: ఎక్కువ పాడైన రోడ్డే జాబితాలో ముందుండాలి

తారు రోడ్డు ఏటా ఒకే లెక్కన చెడదు. మొదట్లో చాలా ఏళ్లు చెక్కుచెదరనట్టే ఉంటుంది. పగుళ్లలోంచి నీళ్లు దిగడం మొదలయ్యాక మాత్రం చకచకా దిగజారుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న అదను పట్టుకోవడమే మా పని. ఆ సమయంలో పగుళ్లు శుభ్రం చేసి సీలెంట్ నింపినా, పైన పల్చటి పూత వేసినా చాలు. అదను దాటితే పై పొర గీకి మళ్లీ వేయాలి. ఇంకా ఆగితే అడుగునుంచి తవ్వి కట్టాలి. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ఖర్చు రెట్లలో పెరుగుతుంది.

పూర్తిగా చెడిన రోడ్డు సంగతి వేరు. ఈ ఏడు వేసినా వచ్చే ఏడు వేసినా దాన్ని తవ్వి కట్టాల్సిందే, ఖర్చులో పెద్ద తేడా రాదు. ఆ ఒక్క వీధికయ్యే డబ్బుతో అదనులో ఉన్న వీధులు చాలా నిలబడతాయి. రోడ్లకు మేం మార్కులు వేస్తాం. ఇందుకు విస్తృతంగా వాడే పీసీఐ (రోడ్డు ఏ స్థితిలో ఉందో చెప్పే సూచిక) పద్ధతిని 1970ల్లో అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం తయారుచేసింది. మార్కులు 0 నుంచి 100 దాకా, ఎంత ఎక్కువైతే రోడ్డు అంత బాగున్నట్టు. 20 మార్కుల రోడ్డు కన్నా, ఇంకా అదనులో ఉన్న 65 మార్కుల రోడ్డు గురించే నాకు ఆదుర్దా ఎక్కువ.

అలాగని 20 మార్కుల వీధిని గాలికొదిలేయకూడదు. లెక్క ఒక్కటే చూసుకుంటే ఆ వీధి వంతు ఎప్పటికీ రాదు. అందుకే బడ్జెట్లో కొంత భాగం అలాంటి వాటికే ముందుగా తీసిపెట్టాలంటాను. ఈ విషయంలో మా ఆఫీసులో అందరూ నాతో ఏకీభవించరు.

అపోహ: పగుళ్ల మీద ఇంకో పొర తారు వేస్తే సరి

అది ఏ పగులన్నదాన్ని బట్టి ఉంటుంది. మొసలి వీపులా చిన్న చిన్న గళ్లుగా పగిలితే లోపం కింద ఉన్నట్టు. వాన వెలిశాక అలాంటి చోట నిలబడి, బస్సు వెళ్తుంటే చూడండి. చక్రం పడగానే పగుళ్లలోంచి బురద నీళ్లు చిమ్ముతాయి. కింది కంకర పొర మెత్తబడి, అందులోని మట్టి నీళ్లతో కలిసి బయటికొస్తోందన్నమాట. దాని మీద పోసిన కొత్త తారులోనూ కొన్నాళ్లకు అవే పగుళ్లు తేలతాయి.

అపోహ: మురుగు బాగానే పారుతోంది కాబట్టి పైపు బాగుంది

నేను ఈ పనికి కొత్తగా వచ్చినప్పుడు ఒక రోడ్డు ముచ్చటగా వేయించాం. నాలుగు నెలలకే దాని మధ్యలో మనిషి దిగేంత గుంత పడింది. కింద కాంక్రీటు మురుగు పైపు. అడుగుభాగం గట్టిగానే ఉంది, నీళ్లూ పారుతున్నాయి. పైకప్పు మాత్రం లేదు! మురుగులోంచి లేచే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పైకప్పు తడిలో బతికే బ్యాక్టీరియా సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. కాంక్రీటు తెల్లటి ముద్దలా తయారవుతుంది. మిగిలిన అంచును స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోయింది. పైనున్న మట్టి కొంచెం కొంచెంగా పైపులోకి జారి కొట్టుకుపోయింది, తారు పొర ఒక్కటే వంతెనలా నిలిచింది, అదీ కొన్నాళ్లే.

అప్పట్నుంచి పైపులో కెమెరా పంపకుండా ఏ రోడ్డునూ జాబితాలో రాయను. పైపు కొంతవరకే చెడి ఉంటే తవ్వకుండానే సరిచేయొచ్చు: రెజిన్‌లో (గట్టిపడే జిగురులాంటి ద్రవం) నానబెట్టిన మెత్తటి గొట్టాన్ని లోపలికి పంపి, ఉబ్బించి, వేడినీళ్లతోనో ఆవిరితోనో గట్టిపరుస్తారు. 1971లో లండన్‌లోని ఒక పాత మురుగు కాలువలో మొదటిసారి చేశారు. కానీ కుంగిన పైపులో ఆ గొట్టం కూడా కుంగినట్టే కూర్చుంటుంది. అక్కడ తవ్వక తప్పదు, అదీ రోడ్డు వేయకముందే.

అపోహ: తవ్వి పూడ్చిన చోట కుంగితే తారు నాసిరకం

చాలాసార్లు తప్పు మట్టి పూడ్చడంలో ఉంటుంది. 150 - 200 మిల్లీమీటర్ల పొరలుగా పోసి, ఒక్కో పొరనూ దిమ్మిస కొట్టాలి. సాయంత్రమైపోతోందని గొయ్యంతా ఒకేసారి నింపి పైన రోలర్ తిప్పితే కింద బోలుగానే ఉంటుంది.

అపోహ: ఫుట్‌పాత్ పని చివర్లో మిగిలిన డబ్బుతో చేసుకోవచ్చు

గుంత పడితే కారు కుదుపుతో బయటపడుతుంది. ఫుట్‌పాత్ పలక ఎగుడుదిగుడైతే ముసలివాళ్లు పడి ఎముకలు విరగ్గొట్టుకుంటారు. అమెరికా ప్రమాణాల్లో నడకదారి మీద అంచు నిటారుగా సుమారు 6 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆ పైన 13 దాకా వాలుగా చెక్కాలి. చెట్టు వేరు పలకను లేపిందని వేరు నరికితే గాలికి చెట్టే పడొచ్చు. వీలైనచోట అంచు చెక్కడమో, దారినే కొంచెం వంచడమో మేలు.

ఫుట్‌పాత్‌ల తనిఖీకి ఖాళీ చక్రాల కుర్చీ ఒకటి తోసుకుంటూ వెళ్లడం అలవాటు చేసుకున్నాను. మొదటిరోజే దాని ముందు చక్రాలు ఒక పలక అంచుకి తగిలి ఆగిపోయాయి. అంతకుముందు ఏడాది అదే చోటు నడిచి చూసి, నా చేత్తోనే 'బాగుంది' అని రాసి ఉన్నాను.