ఏ మందూ పట్టడం లేదంటే: యాంటీబయాటిక్స్‌పై అపోహలు, వాస్తవాలు

రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి, ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో చూసే పరీక్షను కల్చర్ అంటాం. ఆ రిపోర్టులో ప్రతి మందు పేరు పక్కనా ఒక అక్షరం ఉంటుంది. ఎస్ అని ఉంటే బ్యాక్టీరియా ఆ మందుకు లొంగుతుంది, ఆర్ అని ఉంటే లొంగదు. నేను ప్రభుత్వ బోధనాసుపత్రిలో మైక్రోబయాలజిస్టుని. పైనుంచి కిందదాకా ఆర్‌లే ఉన్న కాగితం పట్టుకుని ల్యాబ్ కిటికీ దగ్గరికి వచ్చేవాళ్లు ఇప్పుడు మాకు మామూలైపోయారు. వాళ్ల ప్రశ్నలు ఇంచుమించు ఒకటే తీరుగా ఉంటాయి. కిటికీ దగ్గర రెండు నిమిషాల్లో తేలే జవాబులు కావవి.

అపోహ: ఎక్కువగా వాడితే ఒంటికి మందులు అలవాటైపోతాయి

"మేడమ్, మా నాన్నకి షుగరు. ఏళ్ల తరబడి మందులు మింగుతూనే ఉన్నాడు. ఒళ్లు అలవాటు పడిపోయి ఇప్పుడు ఏదీ పట్టట్లేదా?" ఎక్కువమంది అడిగేది ఇదే.

అలవాటు పడేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. ఈ తేడా పట్టుబడితే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. రోగి రక్తంలోనో మూత్రంలోనో పెరిగిన బ్యాక్టీరియాను మేం ఒక ప్లేటు నిండా పలచగా పూస్తాం. దాని మీద మందులో ముంచి ఆరబెట్టిన చిన్న కాగితపు బిళ్లలు పెడతాం. ఒక్కో బిళ్ల 6 మిల్లీమీటర్లు, ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. ఆ ప్లేటును రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచి, పొద్దున్నే తీసి వెనక్కి తిప్పి స్కేలు పెట్టి కొలుస్తాం. మందు పనిచేసిన చోట బిళ్ల చుట్టూ ఏమీ పెరగని గుండ్రటి ఖాళీ కనిపిస్తుంది. పనిచేయని చోట బ్యాక్టీరియా బిళ్ల అంచు దాకా, ఒక్కోసారి బిళ్లను ఆనుకుని మరీ పెరిగి ఉంటుంది. ఆ ప్లేటు మీద రోగి ఒళ్లు లేదు, వయసు లేదు, షుగరు లేదు. ఉన్నది బ్యాక్టీరియా, మందు. అంతే.

మరి బ్యాక్టీరియాకు ఆ శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? కొంత సొంత జన్యువుల్లో వచ్చే మార్పుల వల్ల వస్తుంది. ఎక్కువ భాగం మాత్రం పక్క బ్యాక్టీరియా ఇచ్చిందే. పరీక్ష హాల్లో ఒకడి చిట్టీ బెంచీలు దాటుకుంటూ అందరి చేతుల్లోకీ వెళ్లినట్టు, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ముక్క ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకుతుంది. వేరే జాతికి కూడా వెళ్తుంది. ఒక్క ముక్కలోనే నాలుగైదు రకాల మందులను తట్టుకునే జన్యువులు ఉండొచ్చు.

అపోహ: నేను యాంటీబయాటిక్స్ జోలికే పోను, నాకు ఈ బాధ లేదు

ఈ మాట అనేవాళ్లు జాగ్రత్తపరులు. వాళ్లను నిరుత్సాహపరచడం నాకు ఇష్టం లేదు. కానీ రెసిస్టెన్స్, అంటే మందుకు లొంగని శక్తి, ఉన్న బ్యాక్టీరియా రావడానికి మీరు మందు మింగే ఉండాలని లేదు. నీళ్లలో వస్తుంది, తిండిలో వస్తుంది, చేతుల మీద వస్తుంది.

నెదర్లాండ్స్ ప్రయాణికుల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2017లో వచ్చింది. దక్షిణాసియా చూసి వెళ్లినవాళ్లలో నూటికి 75 మంది పేగుల్లోకి, సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులను విరిచేసే ఎంజైమ్ ఉన్న బ్యాక్టీరియా కొత్తగా చేరింది. సెలవులకు ఇండియా వచ్చి వెళ్లే మన ఎన్‌ఆర్‌ఐ కుటుంబాలకు ఇది నేరుగా సంబంధించిన సంగతి. తిరిగి వెళ్లాక మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి అక్కడి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఈమధ్య ఇండియా వెళ్లొచ్చానని తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆయన రాసే మందు మారవచ్చు.

ఢిల్లీలో 2010లో తీసిన నీటి నమూనాల్లో 50 కుళాయిల్లో రెండింటిలో, వీధుల్లో నిలిచిన 171 నీటి మడుగుల్లో 51లో ఎన్‌డీఎం-1 అనే జన్యువు దొరికింది. మెరోపెనెమ్ లాంటి ఆఖరి వరస మందులను విరగ్గొట్టే జన్యువు అది. మన దగ్గర పటాన్‌చెరు సంగతి చాలామందికి తెలుసు. అక్కడి మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ ఇది. శుద్ధి చేశాక వచ్చిన నీళ్లలో! ఆ నీళ్లు పారే వాగు ఒడ్డున బతికే రైతు ఏ తప్పు చేశాడు?

పసిపిల్లల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల్లో పుట్టిన శిశువుల సెప్సిస్ (ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షన్) మీద 2016లో ఒక అధ్యయనం వచ్చింది. కేసుల్లో దాదాపు మూడింట రెండొంతులు పుట్టిన మూడు రోజుల్లోపే వచ్చినవి. అన్నిటికంటే ఎక్కువగా దొరికిన అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియాలో నూటికి 80కి పైగా పలు రకాల మందులకు లొంగనివే. మూడు రోజుల బిడ్డ ఎన్ని మందులు మింగి ఉంటుంది? ఆ బ్యాక్టీరియా వచ్చింది వార్డు నుంచి, చేతుల నుంచి, పరికరాల నుంచి.

అపోహ: విడాల్ పాజిటివ్ వచ్చింది కాబట్టి టైఫాయిడే

మన రెండు రాష్ట్రాల్లో యాంటీబయాటిక్స్ దుబారాకు ఇంతకంటే పెద్ద దారి ఇంకోటి లేదని నా అభిప్రాయం. జ్వరం వచ్చిన రెండో రోజే ఊళ్లోని చిన్న ల్యాబ్‌లో విడాల్ అనే రక్త పరీక్ష చేయిస్తారు. "కొంచెం టైఫాయిడ్ ఉంది" అని చీటీ వస్తుంది. వెంటనే ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించి, సెఫ్ట్రియాక్సోన్ సూది మొదలుపెడతాడు. కొంచెం టైఫాయిడ్ అనేది ఉండదు.

విడాల్ 1896 నాటి పరీక్ష. అది బ్యాక్టీరియాను చూడదు, రక్తంలోని యాంటీబాడీలను చూస్తుంది. టైఫాయిడ్ ఉన్న ప్రాంతంలో పెరిగినవాళ్ల రక్తంలో పాత యాంటీబాడీలు ఎలాగూ కొంత ఉంటాయి. మలేరియా లాంటి వేరే జ్వరాల్లోనూ ఇది పాజిటివ్ చూపించవచ్చు. నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లకు మొదటి వారంలో నెగెటివ్ రావచ్చు కూడా. అంటే రెండు వైపులా తప్పుదారి పట్టిస్తుంది.

సరైన పరీక్ష బ్లడ్ కల్చర్. అందులోనూ లోపం లేకపోలేదు. నిజమైన టైఫాయిడ్ కేసుల్లో దాదాపు సగమే అందులో పట్టుబడతాయి, రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. కానీ దొరికినప్పుడు మాత్రం ఏ మందు పనిచేస్తుందో కూడా చెబుతుంది. అందుకే మొదటి యాంటీబయాటిక్ డోసు పడకముందే రక్తం తీయించాలి. నాలుగు సూదులు పడ్డాక పంపే రక్తంలో చాలాసార్లు ఏమీ పెరగదు. అప్పుడు డాక్టరు చీకట్లో మందు రాయాల్సిందే. ప్రాణం మీదికి వచ్చిన రోగికి రిపోర్టు కోసం మందు ఆపమని కాదు నేను చెప్పేది. రక్తం తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలు, తీసిన వెంటనే మందు మొదలుపెట్టవచ్చు.

ఇంకో సంగతి. టైఫాయిడ్ అని తేలి, సరైన మందే పడుతున్నా జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పట్టడం మామూలే. మూడో రోజు ఇంట్లోవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది, ఇంకో ఆసుపత్రికి మారతారు. అక్కడ ఇంకా పెద్ద మందు పెడతారు. ఐదో రోజు జ్వరం తగ్గితే పేరు కొత్త మందుకు వస్తుంది. పాతదే పనిచేసిందని ఎవరికీ తెలియదు. బీపీ బాగుండి, స్పృహ బాగుండి, కడుపునొప్పి పెరగకుండా ఉంటే మూడో రోజు జ్వరం ఉందన్న ఒక్క కారణంతో మందు మార్చాల్సిన పని లేదు.

అపోహ: కోర్సు ఎంత ఎక్కువ రోజులైతే అంత మంచిది

ఇక్కడ మేం డాక్టర్లం చెప్పే మాటే కొంత మారింది. "మధ్యలో ఆపితే రెసిస్టెన్స్ వస్తుంది" అని దశాబ్దాలుగా అందరికీ ఒకే మాట చెప్పాం. టీబీకి అది అక్షరాలా నిజం, ఆరు నెలల మందును ఒక్క వారం కూడా తప్పించకూడదు. కానీ మామూలు న్యుమోనియా లాంటి వాటిలో చాలామందికి ఐదు రోజులు సరిపోతుందని పరిశోధనల్లో తేలింది. అవసరం లేకుండా పొడిగించిన ప్రతి రోజూ పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చస్తుంది, మొండిది మిగులుతుంది. డాక్టరు రాసినన్ని రోజులు వాడండి. బాగా తగ్గిపోయిందనిపిస్తే మీరే ఆపేయకుండా, ఇంకా వాడాలా అని ఫోన్ చేసి అడగండి. మిగిలిన మాత్రల స్ట్రిప్పు పక్కింటి పాపకు ఇవ్వకండి.

అపోహ: కఫం పచ్చగా ఉంటే, విరేచనాలైతే యాంటీబయాటిక్ పడాల్సిందే

కఫానికి ఆ రంగు తెచ్చేది మన తెల్ల రక్తకణాలే. వైరస్ జలుబులోనూ పచ్చబడుతుంది. పిల్లల నీళ్ల విరేచనాల్లో చాలావాటికి వైరస్‌లే కారణం. కావాల్సింది ఓఆర్‌ఎస్, 10 నుంచి 14 రోజులు జింక్. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడాజోల్ కలిపిన మందు వాటికి అక్కర్లేదు. మలంలో రక్తం పడితే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

చెరువుల దగ్గరా ఇదే కథ. రొయ్యలకు వైట్ స్పాట్ వచ్చిందని యాంటీబయాటిక్ చల్లితే డబ్బు నీళ్లలో పోసినట్టే, అది వైరస్ జబ్బు. కొలిస్టిన్‌ను కోళ్ల దాణాలో, పశువులకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది. మా ఐసీయూల్లో అన్నీ అయిపోయాక మిగిలే మందు అది.

అపోహ: పేద దేశాల జనం ఇష్టమొచ్చినట్టు మింగడమే మొత్తం సమస్యకు కారణం

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. అడ్డగోలు వాడకం ఉంది, కాదనను. భారత్ ప్రైవేటు మార్కెట్ మీద 2022లో వచ్చిన అధ్యయనం ప్రకారం, అమ్ముడైన యాంటీబయాటిక్స్‌లో దాదాపు సగం కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం లేని ఫార్ములేషన్లు. అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైంది అజిత్రోమైసిన్. కానీ తలసరి లెక్క తీస్తే మన వాడకం చాలా ధనిక దేశాల కంటే తక్కువే అని కూడా అదే అధ్యయనం చెప్పింది.

మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. లక్ష జనాభాకు మరణాలు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది పశ్చిమ ఆఫ్రికాలో. అక్కడివాళ్లు అందరికంటే ఎక్కువ మింగారనా? కాదు. ఏ ఏ దేశాల్లో రెసిస్టెన్స్ ఎందుకు ఎక్కువగా ఉందని 2018లో పరిశోధకులు లెక్కలు తీస్తే, మందుల వాడకంతో గట్టి సంబంధం కనబడలేదు. పాలన బాగుండి, నీరు, మురుగు లాంటి వసతులున్న దేశాల్లో మాత్రం రెసిస్టెన్స్ తక్కువగా కనిపించింది.

పైగా సరైన మందు అందక చనిపోయేవాళ్లు ఎందరో. మెరోపెనెమ్ లాంటి వాటికి కూడా లొంగని ఇన్ఫెక్షన్లు భారత్ సహా ఎనిమిది దేశాల్లో 2019లో దాదాపు 15 లక్షలు వచ్చాయనీ, వాటిలో సరైన మందు అందింది 7 శాతానికేననీ ఒక అధ్యయనం అంచనా కట్టింది. ల్యాబుల సంగతి చూస్తే, ఆఫ్రికాలో 14 దేశాల్లోని దాదాపు 50 వేల ల్యాబులను లెక్కిస్తే బ్యాక్టీరియా పరీక్షలు చేసేవి 1.3 శాతం తేలాయి. కల్చర్ చేసే వీలే లేని చోట పనిచేసే డాక్టరు రెండు మందులు ఎక్కువ రాస్తే తప్పంతా ఆయన మీద వేయలేం. కూలి పోతుందని ఒక్క సూదితో తగ్గించమని అడిగే తల్లి మీద అసలు వేయలేం. ముందు జిల్లా ఆసుపత్రుల్లో కల్చర్ పెట్టాలి. తాగునీటి పైపులు మురుగు కాలువల్లోంచి పోకుండా చూడాలి. ఇవి రోగి చేతిలో ఉన్న పనులు కావు.

అపోహ: కొత్త మందు కనిపెడితే తప్ప గతి లేదు

పాకిస్థాన్‌లో, సింధ్ రాష్ట్రంలోనూ ఒక హైదరాబాద్ ఉంది. 2016 చివర్లో అక్కడ టైఫాయిడ్ విరుచుకుపడింది. క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్, కోట్రైమాక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, సెఫ్ట్రియాక్సోన్, అన్నిటికీ ఆర్. నోటి మందుల్లో మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే, సూది మందుల్లో మెరోపెనెమ్ తరహావి. టైఫాయిడ్ బ్యాక్టీరియా జన్యువులు చదివితే, సెఫ్ట్రియాక్సోన్‌ను తట్టుకునే శక్తి ఈ.కోలి లాంటి వేరే పేగు బ్యాక్టీరియాల్లో తిరిగే ప్లాస్మిడ్ ద్వారా వచ్చిందని తేలింది. మురుగు నీరు తాగునీటిలో కలవడం మీద అనుమానాలు పడ్డాయి. 2018 చివరికి సింధ్‌లో కేసులు 5 వేలు దాటాయి.

అక్కడ ఉపయోగపడింది కొత్త యాంటీబయాటిక్ కాదు, టీకా. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ వ్యాక్సిన్‌ను ముందు ఆ ఊరి పిల్లలకు వేశారు. 2019 నవంబరులో సింధ్ అంతటా మొదలుపెట్టారు. సాధారణ టీకాల పట్టికలో దీన్ని చేర్చిన మొదటి దేశం పాకిస్థానే. ఆ హైదరాబాద్‌లో టీకా వేసుకున్న పిల్లలను పరిశీలిస్తే, మొండి టైఫాయిడ్ నుంచి 97 శాతం రక్షణ కనిపించింది. ఈ టీకా బ్యాక్టీరియా పైపొరలోని చక్కెర పదార్థాన్ని గుర్తుపట్టడం మన ఒంటికి నేర్పుతుంది. లోపల ఏ మందుకు రెసిస్టెన్స్ ఉందన్నదానితో దానికి పనిలేదు.

ఆరు నెలలు నిండిన బిడ్డకు ఈ టీకా ఒక్క డోసు వేయవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలుంటే, తర్వాతిసారి టీకాల కార్డు పట్టుకుని వెళ్లినప్పుడు పిల్లల డాక్టరును దీని గురించి అడగండి.