ఆకాశంలో పడికట్టు రాళ్లు

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. అందులో బుజ్జి అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది: "తాతా, పైకి పంపిన ఎక్స్-రే టెలిస్కోప్ తప్పు లెక్క చెబితే ఎవరు వెళ్లి చూస్తారు?"

ఎవరూ వెళ్లరమ్మా. అలాంటి టెలిస్కోప్ మోసుకెళ్లిన మన ఉపగ్రహం ఆస్ట్రోశాట్ తిరిగేది 650 కిలోమీటర్ల ఎత్తున. అంత పైకి పంపక తప్పదు, నక్షత్రాల ఎక్స్-రే కిరణాల్ని మన గాలి కిందికి రానివ్వదు.

గుణుపురంలో మా నాన్నకి చింతపండు కొట్టు ఉండేది. కొండ దిగి సంతకొచ్చే సవర ఆడవాళ్లు బుట్టలు దించగానే తక్కెడ తీసేవాడు. ఒక ముసలమ్మ మాత్రం ఊరుకునేది కాదు. ఒకసారి తూచాక రాయిని ఈ పళ్లెంలోంచి ఆ పళ్లెంలోకి మార్పించి మళ్లీ తూయించేది. నాన్న కోప్పడేవాడు కాదు. తూకం సరిచూడమంటే దొంగ అన్నట్టు కాదురా అనేవాడు, మీరూ గుర్తుంచుకోండి. ఇనుప రాళ్లు వాడగా వాడగా అరుగుతాయి. అందుకే రాయి అడుగున చిన్న గుంట, అందులో సీసం, సీసం మీద సర్కారు ముద్ర. తనిఖీకి వచ్చినాయన తన ఇత్తడి రాళ్లతో పోల్చి చూశాకే కొత్త ముద్ర పడేది.

టెలిస్కోప్‌కీ అలాంటి రాళ్లే కావాలి. ఎక్స్-రే కాంతి గింజలు గింజలుగా వచ్చి కెమెరాలో పడుతుంది. ఒక్కో గింజ ఎంత బరువో, అంటే ఎంత శక్తిదో, కెమెరా తూస్తుంది. ఆస్ట్రోశాట్‌లోని సాఫ్ట్ ఎక్స్-రే టెలిస్కోప్ కెమెరా నాలుగు మూలల్లో ఇనుము-55 అనే రేడియోధార్మిక పదార్థం పెట్టి పంపారు. దాన్నుంచి వచ్చే గింజ 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ఎప్పుడూ అంతే. కానీ ఆ పదార్థం 2.7 ఏళ్లకోసారి సగమైపోతుంది. 2015 సెప్టెంబరు 28న పైకెళ్లింది కదా, పదేళ్లకి అందులో పదో వంతు కూడా మిగలదు. గింజలు రావడమే తగ్గిపోతే దేనితో పోల్చాలి?

అందుకే పేలిపోయిన నక్షత్రాల వైపు తిప్పుతారు. 1572లో టైకో బ్రాహే అనే ఖగోళ శాస్త్రవేత్త పట్టపగలు కూడా చూసిన కొత్త చుక్క అలా పేలిందే. ఆ శిథిలంలోని వాయువు కోట్ల డిగ్రీల వేడిలో ఇప్పటికీ ఎక్స్-రేలు చిమ్ముతోంది. అందులోని సిలికాన్ దాదాపు 1.86 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, గంధకం 2.45 దగ్గర, ఇనుము 6.4 దాటి మెరుస్తాయి. వంశధార ఇసుకలో ఉన్నదీ ఆ సిలికానే! పైగా మిగతా ఎక్స్-రే చుక్కల్లా ఇది పూటకో రకంగా మారదు.

అయితే పడికట్టు రాయి ఉన్నచోట ఉంటుంది, ఈ వాయువు సెకనుకి వేల కిలోమీటర్లు పరిగెడుతోంది. ఆ వేగానికి గింజ బరువు కాస్త అటూ ఇటూ అవుతుంది. శాస్త్రవేత్తలు దాన్నీ లెక్కగడతారు. ఎలాగో రాయాలంటే ఈ కాగితం చాలదు, నా ఓపికా చాలదు.

మన ఇంకో ఎక్స్-రే ఉపగ్రహం ఎక్స్‌పోశాట్ 2024 జనవరి 1న వెళ్లింది. 5వ తేదీనే దానిలోని ఎక్స్‌స్పెక్ట్ పరికరం కాసియోపియా-ఎ అనే ఇంకో పేలిన నక్షత్రపు శిథిలాన్ని చూసి మెగ్నీషియం, సిలికాన్, గంధకం, ఆర్గాన్, కాల్షియం, ఇనుము అన్నీ గుర్తుపట్టింది. నాకైతే ఒళ్లు పులకరించింది.

కార్తీకంలో రాత్రి ఎనిమిదింటికి డాబా ఎక్కి ఉత్తరం వైపు చూడండి. ఐదు చుక్కలు ఇంగ్లీషు ఎం అక్షరంలా కనిపిస్తాయి, ఆ చుక్కల గుంపే శర్మిష్ఠ. టైకో చుక్కా, కాసియోపియా-ఎ రెండూ అక్కడే. కంటికి ఆనవు, అయినా చూడండి. చెల్లిని కూడా తీసుకెళ్లండి, పిట్టగోడ ఎక్కనివ్వకండి.

మీ తాత