మావోరీ కట్టడాల పాత చిత్రాలకు చేతి నకళ్లు: అపోహలు - వాస్తవాలు

పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల చిత్రకారులు న్యూజిలాండ్‌లో గీసిన, అక్కడి మూలవాసులైన మావోరీల ఇళ్లు, కోటలు, ఆహారపు కొట్ల చిత్రాలకు చేతితో నకళ్లు వేయడం నా వృత్తిలో ఒక భాగం. వేయించుకునేవారి నుంచీ, ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారి నుంచీ తరచుగా వినే నమ్మకాలు కొన్ని ఉన్నాయి. దేనికి నకలు వేస్తున్నామో ముందుగా తేల్చుకోకపోవడం వల్లనే వాటిలో చాలావరకు పుడతాయని నా అభిప్రాయం.

అపోహ: పాత చిత్రాన్ని గీతకు గీత దించితే ఆనాటి ఇంటిని దించినట్టే.

వాస్తవం: జార్జ్ ఫ్రెంచ్ ఆంగస్ 1844లో న్యూజిలాండ్‌లో పర్యటించి, మానా దీవిలో 'ఙాటి తోవా' అనే మావోరీ తెగ నాయకుడు టె రంగిహాయెటా కట్టించుకున్న 'కై తంగత' అనే ఇంటిని చిత్రించాడు. మనం సాధారణంగా చూసేది ఆ నీటిరంగుల చిత్రాన్ని కాదు, 1847లో లండన్‌లో వెలువడిన అరవై చిత్రపు పలకల సంపుటంలోని రాతి అచ్చును (లిథోగ్రాఫ్). అందులో రేఖలు మాత్రమే అచ్చువి, రంగులు ప్రతి కాగితం మీదా విడిగా చేతితో అద్దినవి. ఇంటి ఎదుట కూర్చుని గీసిన చేయి ఒకటి, రాతి మీదకు ఎక్కించిన చేయి మరొకటి, రంగులద్దిన చేతులు ఇంకొన్ని అయినప్పుడు, రెండు గ్రంథాలయాల్లోని ఒకే పలకలో ఎరుపు రెండు రకాలుగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అందుచేత ఏ ప్రతిని చూసి వేస్తున్నానో ముందే నిర్ణయించుకుని, చివరిదాకా దానికే కట్టుబడతాను. మూడు ప్రతుల్లోని అందమైన రంగులు ఏరి కలిపితే వచ్చేది ఎప్పుడూ ఎక్కడా లేని చిత్రం.

మూలచిత్రకారుడి పొరపాట్లను దిద్దకపోవడం కూడా ఈ క్రమశిక్షణలో భాగమే. తొలిరోజుల్లో నేను ఒక నకలులో వాకిలి మరీ పొట్టిగా ఉందనిపించి కొంచెం ఎత్తు పెంచాను. పూర్వపు మావోరీ ఇళ్లకు వాకిళ్లు నిజంగానే వంగి దూరవలసినంత చిన్నవని, చలికాలంలో లోపలి వెచ్చదనం బయటికి పోకుండా ఉండేందుకే అలా కట్టేవారని తరువాత తెలిసింది. చిత్రకారుడి పొరపాటని నేను దిద్దినది పొరపాటే కాదు.

అపోహ: మావోరీ చెక్కడమంటే మొత్తం ఎరుపే.

వాస్తవం: ఎరుపుకు అక్కడ పవిత్రత ఉన్న మాట నిజం. కోకోవై అనే ఆ ఎర్రమట్టి మన ముగ్గుల్లోని జేగురుకు దగ్గరి చుట్టం. దాన్ని కాల్చి, నూరి, సొరచేప నూనెతో కలిపి పూసేవారు. అయితే వాసాల మీద వేసే కోఫైఫై నమూనాల్లో నలుపు, తెలుపు కూడా ఎరుపుతో సమానంగా నిలుస్తాయి. చెక్కిన ముఖాల కళ్లలో పావా గవ్వ నీలాకుపచ్చగా మెరుస్తుంది. మ్యూజియాల్లో ఈ సమతూకం చాలాచోట్ల చెడింది. పాత చెక్కడాల మీద ఒకే రకం ఎర్రరంగు దట్టంగా పూసేసిన ఉదాహరణలు అనేకం ఉన్నాయి. అటువంటి వస్తువు ఫొటో చూసి పాత చిత్రంలోని రంగును 'సరిచేయడం' కంటే పెద్ద పొరపాటు ఈ పనిలో లేదు. ఎరుపే నియమమని వాదించేవారు గిస్‌బోర్న్ దగ్గర వైతుహిలో 1880ల చివర మావోరీ మతనాయకుడు టె కూటి కోసం కట్టిన రోంగోపై సభాగృహాన్ని ఒకసారి చూడాలి. చెక్కడాలు ఉండవలసిన చోట పూలమొక్కలు, మనుషుల బొమ్మలు అక్కడ రంగురంగులుగా కనిపిస్తాయి.

అపోహ: విశాలమైన చెక్కడపు సభాగృహం అనాదిగా మార్పు లేకుండా వస్తున్న రూపం.

వాస్తవం: ఆంగ్ల నావికుడు కెప్టెన్ కుక్ మూడో సముద్రయాత్రలో వచ్చిన చిత్రకారుడు జాన్ వెబర్ 1777లో క్వీన్ షార్లెట్ సౌండ్‌లో గీసిన కోటలో కనిపించేవి పొట్టి గుడిసెలు. ఆ కాలంలో గొప్ప చెక్కడం యుద్ధపు పడవలకు, నాయకుల కొట్లకు ఎక్కువగా దక్కేది. నేడు మనకు పరిచితమైన పెద్ద ఫారెనూయి, అంటే సభాగృహం, ఇనుప పనిముట్లు చేతికి వచ్చాక పందొమ్మిదో శతాబ్దంలో వికసించింది. రోంగోఫాకాటా తెగ శిల్పి రహరుహి రుకుపో 1840ల ఆరంభంలో నిర్మించిన 'టె హౌ కి తూరంగ' సభాగృహం ఇనుప ఉలితో చేసినదే. దానివల్ల దాని మావోరీతనం ఏమాత్రం తగ్గలేదు.

అపోహ: చెక్కడాలు అలంకారం మాత్రమే కనుక, దూరంగా కనిపించే చోట ఏదో ఒక మెలిక గీస్తే చాలు.

వాస్తవం: మావోరీల దృష్టిలో సభాగృహం పూర్వీకుడి శరీరం. కప్పు అంచులకు వాలుగా బిగించిన మైహి పలకలు అతని చేతులు, వాటి చివరలు వేళ్లు, వెన్నుదూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. లోపలి గోడలకు నిలిపిన ఒక్కో చెక్కడపు పలక ఒక్కో పూర్వీకుడు. మూలంలో మసకగా ఉన్నచోట నేను మసకగానే ఉంచుతాను. అక్కడ సొంత మెలికలు కల్పించడమంటే ఎవరి తాతముఖాన్నో ఊహించి గీయడమే.

అపోహ: చిత్రకారుడు పోయి వందేళ్లు దాటాయి కనుక అడగవలసినవారు ఎవరూ లేరు.

వాస్తవం: కాపీరైటు తీరిపోవడం ఒక సంగతి మాత్రమే. 1991లో వై 262 పేరుతో దాఖలైన ఫిర్యాదులో మావోరీలు తమ కళారూపాల మీద, జ్ఞానం మీద సంరక్షణాధికారాన్ని కోరారు. మావోరీల ఒప్పందపు ఫిర్యాదులను విచారించే వైతాంగి ట్రిబ్యునల్ 2011లో దానిపై నివేదిక ఇచ్చింది. ఇల్లు లేకపోయినా ఇంటివారు ఉంటారు. 'టె హౌ కి తూరంగ'ను 1867లో ప్రభుత్వం లాక్కుపోయింది. అది ఇప్పుడు వెల్లింగ్టన్‌లోని టె పాపా మ్యూజియంలో ఉంది, దాని వారసులు మాత్రం నేటికీ తమ ప్రాంతంలోనే నివసిస్తున్నారు. సమాధి చిహ్నాలున్న చిత్రాలకు నేను నకళ్లు వేయను. టీ కప్పు మీదకో, కాళ్లు తుడుచుకునే పట్ట మీదకో బొమ్మ కావాలని వచ్చిన పనిని తిప్పి పంపుతాను. ఒప్పుకున్న ప్రతి కాన్వాసు వెనుక ఇంటి పేరు, తెగ పేరు, మూలచిత్రకారుడి పేరు, సంవత్సరం, నేను చూసి వేసిన ప్రతి ఏ గ్రంథాలయానిదో రాసి, వాటి కింద 'నకలు' అని పెద్ద అక్షరాలతో రాస్తాను.